చౌక సంకేతజనకములు: విప్పి చూచిన సంగతులు

భీమ్‌గల్‌లో మా ప్రయోగపు బల్లమీద ఒక మూల రేడియో పెట్టుకొని, నిజామాబాదు ఆకాశవాణిని వినుచు పనిచేసికొనుట మాకు అలవాటు. ఆ కేంద్రము 103.2 మెగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యముపై ప్రసారము చేయును. ఒకనాటి సాయంకాలము పదవ తరగతి విద్యార్థి యొకడు కొత్తగా తెప్పించిన చిన్న సంకేతజనకపు మీటను మెల్లగా త్రిప్పుచుండెను. అంకెలు 34.4 మెగాహెర్ట్జ్‌లను చేరగానే రేడియోలోని పాట తటాలున ఆగిపోయెను. బుసబుస శబ్దము కూడ లేదు. మీటను 34.5 వరకు జరుపగా పాట మరల వినవచ్చెను. వెనుకకు జరుపగా మరల మూగవోయెను.

“రేడియో ఖరాబైంది సార్” అని పిల్లవాడు భయపడెను.

రేడియో చెడలేదు. 34.4ను మూడుచే గుణించి చూడుడు: 103.2 వచ్చును. మేము అడిగినది 34.4 మాత్రమే. ఆ చిన్న పలక దానితోపాటు దానికి మూడింతలైన పౌనఃపున్యమును కూడ అడుగకయే ఇచ్చినది. ఒకే పౌనఃపున్యముపై రెండు తరంగములు వచ్చినపుడు ఎఫ్.ఎం. రేడియో బలమైన దానినే గ్రహించి రెండవదానిని త్రోసివేయును. బల్లమీదనున్న మా తరంగము నిజామాబాదునుండి వచ్చు తరంగముకంటె బలమైనది. దానిమీద మాటయు పాటయు లేవు. కనుకనే ఆ నిశ్శబ్దము.

సంకేతజనకము, అనగా వాడుకలో సిగ్నల్ జనరేటరు, రేడియో పనివానికి త్రాసువంటిది. రేడియోను సరిచేయువాడు తెలిసిన పౌనఃపున్యము, తెలిసిన బలము గల తరంగమును రేడియోకు అందించి, అది ఎట్లు స్పందించునో చూచును. మధ్యతరంగ రేడియో లోపలి మెట్లను 455 కిలోహెర్ట్జ్‌లకు, ఎఫ్.ఎం. రేడియో మెట్లను 10.7 మెగాహెర్ట్జ్‌లకు శ్రుతిచేయుట ఈ సాధనముతోనే జరుగును. ఒకప్పుడు ఇవి పాఠశాలలకు అందని వస్తువులు. ఇప్పుడు కొన్ని వందల రూపాయలు మొదలు మూడు నాలుగు వేలలోపు లభించు పలకలు బజారులో పెక్కులున్నవి. వెల చూచి సంతోషించి కొనవచ్చును. కాని త్రాసును నమ్ముటకు ముందు దానినే తూచి చూడవలెను గదా!

మొదట ఆ మూడింతల సంగతి తేల్చుకొందము. మా పలకమీద ఉన్నది ఎస్‌ఐ 5351 అను చిప్పు. దానికి తోడుగా 25 మెగాహెర్ట్జ్‌ల స్ఫటిక మొకటి, పదో పన్నెండో చిన్న భాగములు. అంతకుమించి ఏమియు లేదు. చిప్పు లోపల 600 నుండి 900 మెగాహెర్ట్జ్‌ల వరకు కంపించు డోలకము కలదు. అది స్ఫటికమును అనుసరించి నడచును. దాని పౌనఃపున్యమును అంకెలతో భాగించి మనకు కావలసినది ఇచ్చును. ఇట్లు భాగించు వలయములకు తెలిసినవి రెండే స్థితులు: ఉన్నది, లేదు. కావున బయటికి వచ్చునది నునుపైన సైన్ తరంగము కాదు. మెట్లు మెట్లుగా లేచి పడు చతురస్ర తరంగము. ఫ్రెంచి గణితవేత్త ఫూరియే చూపిన ప్రకారము, సరియైన చతురస్ర తరంగమునందు మూల పౌనఃపున్యమునకు 3, 5, 7 మొదలగు బేసి రెట్లు గల అనుస్వరములుండును. మూడవ దాని కంపనపరిమితి మూలములో మూడవ వంతు. అయిదవ దానిది అయిదవ వంతు.

ఈ మాట చెప్పగానే ఆ పిల్లవాడే కాగితముమీద 103.2ను అయిదుచే భాగించెను. 20.64 వచ్చెను. మీటను అక్కడికి త్రిప్పగా, రేడియోను కొంచెము దగ్గరకు జరిపిన తరువాత, పాట మరల ఆగిపోయెను. పుస్తకములోని సూత్రము బల్లమీద నిజమగుట చూచి వాడు పొందిన ఆనందమునకు ఆ పలక వెల చెల్లిపోయినదని నా అభిప్రాయము.

కాని ఇదే గుణము పొరపాట్లకును మూలము. అంతకు కొన్ని దినముల ముందు మరియొక విద్యార్థి 21 మెగాహెర్ట్జ్‌లకై ఒక గ్రాహకమును కట్టి, ఈ పలకతోనే పరీక్షించి, “7 మెగాహెర్ట్జ్‌లను కూడ చక్కగా గ్రహించుచున్నది” అని రికార్డులో వ్రాసెను. గ్రాహకము 7ను గ్రహింపలేదు. పలక 7తోపాటు పంపిన 21ని గ్రహించినది. వాడు రెండు దినములు గ్రాహకములోని తీగచుట్టలను విప్పి మరల చుట్టెను. తప్పు త్రాసులో నుండగా సరకును నిందించుట ఇట్లే యుండును.

ఇక తక్కిన పలకలు. మా చేతికి వచ్చిన రెండవదానిమీద ఏడీఎఫ్ 4351 అను చిప్పున్నది. దీని డోలకము 2,200 నుండి 4,400 మెగాహెర్ట్జ్‌ల వరకు పోగలదు. తక్కువ పౌనఃపున్యములకై దానిని రెండుచే, నాలుగుచే, అట్లు 64 వరకు భాగించును. 2,200ను 64చే భాగించిన 34.375. కనుకనే దీనికి 35 మొదలు 4,400 మెగాహెర్ట్జ్‌ల వరకు అని చీటి అంటింతురు. ఇంత విశాలమైన పరిధి ఒక గోరంత చిప్పులో ఇముడుట మెచ్చదగినదే. కాని భాగించుట ఇక్కడను ఉన్నది గనుక, క్రింది పౌనఃపున్యములవద్ద అనుస్వరముల బెడద ఇక్కడను తప్పదు. ఈ చిప్పునే చిన్న తెరతో, మీటలతో పెట్టెలో బిగించి ‘సంపూర్ణ సాధనము’ అని హెచ్చు వెలకు అమ్ముట కలదు. అట్టి దానిని విప్పి చూచితిమి. పెట్టె ప్లాస్టికుది. లోపల అదే పలక. వడపోత వలయము లేదు, కవచము లేదు, తరంగ బలమును తగ్గించు ఏర్పాటు చిప్పు స్వయముగా ఇచ్చు నాలుగు మెట్లే. హెచ్చు వెల తెరకు, పెట్టెకు మాత్రమే చెల్లించినట్లాయెను.

మూడవది ఏడీ 9850. దీని పద్ధతి వేరు. ఇది సైన్ తరంగపు విలువలను సెకనుకు 12.5 కోట్ల మారులు లెక్కగట్టి, ఆ అంకెలను వోల్టేజిగా మార్చి వరుసగా పేర్చును. లెక్క 32 ద్విసంఖ్యా స్థానములతో జరుగుటచేత, పౌనఃపున్యమును 0.03 హెర్ట్జ్‌ల కన్న చిన్న అంగలతో మార్చవచ్చును. వచ్చు తరంగము నిజముగా నునుపైనది. ఓసిలోస్కోపుమీద చూచిన కన్నుల పండువుగా నుండును. అయితే దీనికొక నీడ కలదు. 125 మెగాహెర్ట్జ్‌లనుండి మనము కోరిన పౌనఃపున్యమును తీసివేయగా మిగులు చోట దాని ప్రతిబింబము పుట్టును. 125 నుండి 21.8 తీసివేసిన ఎంత? మరల 103.2! ఈ పలకకు సైన్ తరంగ మిచ్చు కాళ్లు రెండు: ఒకటి వడపోత వలయము గుండా వచ్చునది, రెండవది వడపోత లేనిది. మీటను 21.8 వద్ద నిలిపి వడపోత లేని కాలికి జానెడు తీగ తగిలింపగా రేడియో మూగవోయెను. ఆ తీగనే వడపోత గల కాలికి మార్చగా పాట కొనసాగెను. లెక్క ప్రకారము, వడపోత లేనిచోట ఆ ప్రతిబింబపు కంపనపరిమితి అసలు తరంగములో అయిదవ వంతుకు కొంచెము పైననే యుండును. నాలుగైదు తీగచుట్టలు, కొన్ని కండెన్సర్లు చేసిన మేలది.

షక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో నెలకొల్పబడి 2015లో మూతబడినది. అందు పనిచేసినవారు బోధను ప్రాంతమున ఇంకను ఉందురు; వారి నడుగుడు. చెరకునుండి రసము పిండుట ఒక పని. సున్నముతో తేర్చి, మురికి దించి, కాచి, గిర్రున త్రిప్పి, మడ్డిని వేరుచేసి తెల్లని పలుకు తీయుట అంతకు అనేక రెట్లు పని. పౌనఃపున్యమును పుట్టించుట నేడు రసము పిండుటవంటిదైనది. చౌక పలకలు అక్కడితో ఆగిపోవుచున్నవి. 1970లలో ప్రసిద్ధికెక్కిన హ్యూలెట్ పాకార్డు వారి 8640 వంటి సాధనములను ఒక్కడు ఎత్తుట కష్టము. ఆ బరువంతయు తరంగమును పుట్టించుటకు కాదు; పుట్టిన దానిని శుభ్రపరచి, కొలిచి, పెట్టె దాటకుండ బంధించుటకు.

ఈ బంధించుట యను మాటకు కొంచెము వివరణ కావలెను. పై పలకలు సుమారు ఒక మిల్లీవాటు సామర్థ్యము నిచ్చునని అనుకొందము. 50 ఓముల నిరోధకముపై అది 0.22 వోల్టు. మంచి రేడియో గ్రాహకమునకు కావలసినది ఒక మైక్రోవోల్టు మాత్రమే. సామర్థ్యములో చెప్పిన, మనము మన తరంగమును అయిదువేల కోట్లవ వంతుకు తగ్గింపవలెను! డెసిబెళ్లలో ఇది 107. తగ్గించుట కష్టము కాదు. తగ్గించు దారిని తప్పించుకొని, గాలిలోనుండి నేరుగా గ్రాహకమునకు దూకు తరంగమును ఆపుటయే కష్టము. తలుపునకు తాళము వేసి గోడ కట్టనివాని ఇల్లువంటిది కవచము లేని సంకేతజనకము.

తగ్గింపు సాధనమును, అనగా అటెన్యుయేటరును, విద్యార్థులే చేసికొనవచ్చును. తరంగము వచ్చు తీగకు, పోవు తీగకు నడుమ 240 ఓముల నిరోధక మొకటి. దాని రెండు కొనలనుండి భూమికి 62 ఓముల నిరోధకము లొక్కొక్కటి. ఈ మూడును కలిసి వోల్టేజిని ఇంచుమించు పదవ వంతుకు, అనగా 20 డెసిబెళ్లు, తగ్గించును. ఎటునుండి చూచినను 50 ఓములే కనబడునట్లు ఈ విలువలు ఏర్పడినవి. సమాంతర నిరోధకముల సూత్రముతో లెక్కించి సరిచూచుట పదవ తరగతికి తగిన అభ్యాసము. ఇట్టివి అయిదు వరుసగా పెట్టిన 0.22 వోల్టు 2.2 మైక్రోవోల్టులగును. అయిదింటిని ఒకే గదిలో పెట్టరాదు. రేకుతో అడ్డుగోడలు కట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర ఏర్పరచి, అరనుండి అరకు తీగ పోవుటకు మాత్రము రంధ్రము విడువవలెను. లేనిచో మొదటి అరలోని తరంగము అయిదవ అరకు దూకును.

పౌనఃపున్యము సరియైనదో కాదో చూచుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. హైదరాబాదు ఆకాశవాణి మధ్యతరంగములలో 738 కిలోహెర్ట్జ్‌లపై వినవచ్చు కేంద్రము. రేడియోను దానికి శ్రుతిచేసి, దగ్గరగా సంకేతజనకమును అదే అంకెవద్ద నడుపుడు. రెండు పౌనఃపున్యముల నడుమ కొద్ది తేడా యున్నచో కంఠము వణకినట్లు వినబడును. విద్యార్థులు శ్రుతిదండములతో నేర్చు విస్పందనములే ఇవి. ఆ వణకు ఆగువరకు మీటను జరిపి, ఎంత జరిపితిమో చూడవలెను. మా పలకలలో ఒకదానిని 20 హెర్ట్జ్‌లు జరిపినగాని వణకు ఆగలేదు. అనగా పదిలక్షలకు 27 పాళ్ల దోషము. ఈ వెలకు అది క్షమింపదగినదే. దోషమెంతయో తెలిసిన తరువాత దానిని లెక్కలో సరిదిద్దుకొనవచ్చును.

పాఠశాలకు ఒక్కటే కొనదలచినవారికి నేను ఏడీ 9850 పలకను సూచింతును. 30 మెగాహెర్ట్జ్‌లకు మించి దానిని నమ్మరాదు. కాని పాఠశాల ప్రయోగములకు అంతకుమించి అవసర మేమున్నది? ఎస్‌ఐ 5351 చౌకయైనది, స్థిరమైనది. అనుస్వరముల పాఠము చెప్పుటకు దానిని మించినది లేదు. అన్య కార్యములకు దాని ముందు వడపోత వలయము తప్పనిసరి. ఏడీఎఫ్ 4351 అవసరము తెలిసినవారి వస్తువు.

ఏది కొన్నను దానికి ఏరియలు తగిలింపరాదు. అనుమతి లేక తరంగములను ప్రసరింపజేయుట మన దేశమున నేరము. పైగా 108 నుండి 137 మెగాహెర్ట్జ్‌ల వరకు విమానములకు కేటాయింపబడిన భాగము; ఎస్‌ఐ 5351 మీటను 36కు 45కు నడుమ ఎక్కడ నిలిపినను మూడవ అనుస్వరము అందులోనే పడును. మా రేడియో మూగవోయిన నాటినుండి మేము పలకలను రేకుపెట్టెలో మూసియే నడుపుచున్నాము.

ఆ పెట్టె కథ కూడ చెప్పవలెను. మొదట పలకను రేకుపెట్టెలో పెట్టి మూత బిగించి 34.4 వద్ద నడిపితిమి. రేడియో మూగగానే యుండెను! చాలసేపటికి కారణము తెలిసినది: విద్యుత్తు నందించు తీగ రంధ్రముగుండా లోనికి పోవుచున్నది, ఆ తీగయే ఏరియలై తరంగమును బయటికి తెచ్చుచున్నది. తీగను తొలగించి, బ్యాటరీని కూడ పెట్టెలోపలనే అమర్చి, మూతకు నాలుగు స్క్రూలు బిగింపగా నిజామాబాదు కేంద్రము వార్తలు చదువుచు వినవచ్చెను. రెండు స్క్రూలు వదులు చేయగా వార్తలు ఆగిపోయెను.