మేనమామ పోలిక

పిల్లాడిది మేనమామ పోలిక అని రాజోలు ప్రాంతంలో ముచ్చటగా అంటారు. మాటలు ఆలస్యమై, చదువు ఒంటబట్టని పిల్లాడి విషయంలో డాక్టరు ఆ మాటను ఇంకాస్త శ్రద్ధగా వినాలి. ఫ్రాజైల్ ఎక్స్ అనే అరుదైన జన్యులోపంలో ముఖం కోలగా ఉంటుంది, చెవులు పెద్దవిగా కనిపిస్తాయి, వేళ్ళ కీళ్ళు మామూలు కంటే బాగా వంగుతాయి, యుక్తవయసు వచ్చాక వృషణాలు పెద్దవవుతాయి. తల్లి అన్నో తమ్ముడో అలాగే ఉండి, అతనికీ చదువు అబ్బకపోతే, ఆ పోలిక ఒక ఆధారం. ఆధారమే, తీర్పు కాదు. మూడేళ్ళ పిల్లాడి ముఖంలో ఏ తేడా తెలియకపోవచ్చు. మాటలు నేర్పే శిక్షణ బాగా పనికొచ్చేది మాత్రం ఆ వయసులోనే. 1943లో మార్టిన్, బెల్ అనే బ్రిటిష్ పరిశోధకులకు ఈ జబ్బు జాడ చెప్పింది కూడా ముఖాలు కాదు, ఒక కుటుంబంలో అది తల్లుల ద్వారా మగపిల్లలకు చేరిన తీరు.

ఇదంతా మేనరికం వల్లే కదా అంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం అందితేనే వచ్చే జబ్బులు మేనరికంలో పెరుగుతాయి, నిజమే. దీనికి ఇద్దరు అక్కర్లేదు. ఎక్స్ క్రోమోజోము మీది ఎఫ్‌ఎంఆర్1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాలు చాలామందిలో ముప్పై సార్లు అటూ ఇటూగా వరుసగా వస్తాయి. 55 నుంచి 200 దాకా ఉన్నవారు వాహకులు. 200 దాటితే జన్యువు పని మానేస్తుంది, మెదడుకు కావలసిన ప్రొటీను తయారుకాదు. వాహకుడైన తాత నుంచి అది కూతుళ్ళందరికీ వాహక స్థాయిలోనే అందుతుంది. కూతురి నుంచి మనవడికి చేరేటప్పుడు 200 దాటిపోవచ్చు. ఆ తాతకు యాభై దాటాక చేతులు వణకొచ్చు, నడక తూలొచ్చు. ఆ వణుకుకూ మనవడి చదువుకూ మూలం ఒకటేనని ఎవరికి తడుతుంది? బయటి సంబంధం చేసినా ఇది ఆగేది కాదు.

ఫోన్‌లో ఫోటో తీస్తే జబ్బు పేరు చెప్పే సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా, ఇంకా రక్తపరీక్ష దేనికంటారు కొందరు. 2017లో వెలువడిన అధ్యయనంలో అలాంటి సాఫ్ట్‌వేర్ డౌన్ సిండ్రోమ్ ఉన్న బెల్జియం పిల్లల్లో 80 శాతం మందిని గుర్తించింది. అదే జబ్బున్న కాంగో పిల్లల్లో 37 శాతం మందినే. ఆఫ్రికా పిల్లల ఫోటోలతో నేర్పాక గానీ అది దారికి రాలేదు. డౌన్ సిండ్రోమ్ లాంటి తేలిగ్గా గుర్తుపట్టే జబ్బుకే ఇలా ఉంటే, పసితనంలో బయటపడని ఫ్రాజైల్ ఎక్స్ సంగతి చెప్పేదేముంది. తేల్చేది డీఎన్‌ఏ పరీక్షే. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ వేలిముద్రల, వ్యాధి నిర్ధారణ కేంద్రం) వంటి సంస్థలున్నది అందుకే.

మందు లేని జబ్బుకు పరీక్ష ఎందుకన్నది మరింత గట్టి ప్రశ్న. జవాబు ఒక్క పిల్లాడితో ఆగదు. అతని పిన్ని వాహకురాలు కావచ్చు. ఆమె నెల తప్పితే ఈ సంగతి ముందుగా చేరాలి, గర్భంలోనే పరీక్షకు వీలుంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.