గర్భాశయ లోపొర క్యాన్సర్: శోషరస కణుపుల వ్యాప్తిని అంచనా వేసే పద్ధతులు

ఉపోద్ఘాతం:
ముట్లుడిగిన స్త్రీకి మళ్లీ రక్తస్రావం కావడం గర్భాశయ లోపొర క్యాన్సర్‌కు తొలి సంకేతం కావచ్చు. వ్యాధి శోషరస కణుపులకు, అంటే లింఫ్ గ్రంథులకు, పాకిందా లేదా అన్నదానిపై చికిత్స చాలావరకు ఆధారపడుతుంది. గజ్జల్లో కట్టిన బిళ్ళ చేతికి తగులుతుంది. కటికుహరంలోని కణుపులు తగలవు. సూక్ష్మవ్యాప్తి స్కానింగ్‌కు కూడా అందకపోవచ్చు. అందుకే అంచనా అవసరమైంది.

అంచనాకు ఆధారాలు:
1987లో క్రీస్‌మన్ బృందం 621 మంది రోగులను పరిశీలించింది. కణవికృతిని తెలిపే గ్రేడు, కండరపొరలోకి కణితి చొచ్చుకుపోయిన లోతు పెరిగేకొద్దీ కణుపుల వ్యాప్తి పెరుగుతుందని చూపింది. గ్రేడు 1 లేదా 2 కావడం, లోతు సగానికి మించకపోవడం, కణితి 2 సెంటీమీటర్లు దాటకపోవడం అనే మూడూ కలిస్తే ముప్పు అత్యల్పమని 2000లో మేయో క్లినిక్ పరిశోధకులు తెలిపారు.

తొలగించాలా, వద్దా?
కణుపులను విస్తృతంగా తొలగిస్తే కాళ్లవాపు జీవితాంతం బాధించవచ్చు. 2009 నాటి ఆస్టెక్ పరిశోధనలో, తొలిదశ రోగులకు కటికణుపులన్నీ తొలగించినందువల్ల ఆయుష్షు పెరగలేదు. అందువల్ల గర్భాశయ ముఖద్వారంలో రంగుద్రవ్యం ఎక్కించి, అది మొదట చేరే ‘కాపలా కణుపు’ను పరీక్షించే పద్ధతి ప్రాచుర్యం పొందింది. 2017 నాటి ఫైర్స్ పరిశోధనలో, కాపలా కణుపు దొరికిన రోగుల్లో వ్యాప్తిని పసిగట్టే శక్తి 97.2 శాతంగా తేలింది.

ముగింపు:
తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్, పొరుగున వేలూరులో సీఎంసీ దక్షిణ రాయలసీమకు అందుబాటులో ఉన్నాయి. అయితే బయాప్సీ లేనిదే గ్రేడు తెలియదు. రక్తస్రావం సంగతి స్త్రీ నోరువిప్పి చెప్పనిదే బయాప్సీ జరగదు. అంచనాకు తొలి ఆధారం ఆమె మాటే.