పక్కగాలిలో విమానం దిగేదెలా?

అక్కచెల్లెళ్లారా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లందరికీ దగ్గరి విమానాశ్రయం కడపే. అక్కడ సర్వీసులు 2015లో మొదలయ్యాయి. రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. ఆషాఢంలో దండెం మీద చీర నిలవనివ్వదే, ఆ నైరుతి గాలి దాన్ని పక్కనుంచి కొడుతుంది.

అప్పుడు పైలట్ (ఈ రోజుల్లో ఆడపిల్లే కావచ్చు) విమానం ముక్కును గాలివైపు కాస్త తిప్పి వస్తుంది, నిండు పెన్న దాటేవాళ్లు ప్రవాహానికి కొంచెం ఎదురు ఈదినట్టు. నేల దగ్గరయ్యాక కాలితో చుక్కాని నొక్కి ముక్కు సూటి చేసి, గాలివైపు రెక్క దించుతుంది. అందుకే ఆ పక్క చక్రం ముందు తాకుతుంది. లోపలివాళ్లు హడలిపోతారు గానీ, అది పొరపాటు కాదు, పనితనం! గాలి మరీ మించితే దిగకుండా మళ్లీ పైకి లేపేస్తుంది.

అసలు తంటా తోకచక్రం విమానాలతో. 1958లో మొదట ఎగిరిన బెంగుళూరు హెచ్.ఏ.ఎల్. వారి పుష్పక్ అలాంటిదే. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు. ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం. బరువేమో పెద్ద చక్రాలకు వెనక. ఎద్దులబండిని నొగలు పట్టి వెనక్కి నెడితే ఎటో తిరిగిపోతుంది చూడండి, అలాగే గాలి తోకను తోస్తే ఈ విమానం గిరుక్కున తిరిగి రెక్క విరగ్గొట్టుకుంటుంది. నేల తాకాం కదా అని నిమ్మళిస్తే కుదరదు. చక్రాలు పూర్తిగా ఆగేదాకా చుక్కాని మీద పాదాలు ఆడుతూనే ఉండాలి.