నాలుగు ఎత్తుల్లో ఓడిపోకుండా ఉండాలంటే



పోయిన ఆదివారం పదో తరగతి అక్క ఒకామె నన్ను చెస్‌లో నాలుగు ఎత్తుల్లో ఓడించింది. "కొండ మీంచి వచ్చినోళ్ళకి ఇదేం వస్తుంది" అనేసింది. అందరూ నవ్వారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

తర్వాత లైబ్రరీలో చెస్ పుస్తకం దొరికింది. చూస్తే దాంట్లో నా ఆటే ఉంది! దాని పేరు స్కాలర్స్ మేట్. 1656లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బీల్ అనే ఆయన వేసిన పుస్తకంలోనే ఈ పేరు ఉందట. అంటే నాకంటే ముందు ఎంతమంది ఓడారో.

బోర్డుకు అడ్డంగా ఎ నుంచి హెచ్ దాకా, నిలువుగా 1 నుంచి 8 దాకా గడులు. అక్కవి తెల్లవి, నావి నల్లవి. ఇద్దరం రాజు ముందు బంటును రెండు గడులు జరిపాం. అక్క శకటును సి4లో పెట్టింది, నేను గుర్రాన్ని సి6లో పెట్టాను. అక్క మంత్రి హెచ్5కి వచ్చింది. దాన్ని బెదిరిద్దామని నేను రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాను. అంతే, మంత్రి ఎఫ్7 బంటును కొట్టేసింది. వెనక శకటు కాపలా ఉంది కాబట్టి రాజు మంత్రిని చంపలేడు. ఆటకట్టు.

ఎఫ్7 మీదికే ఎందుకొస్తారంటే, మొదట్లో ఆ బంటుకు రాజు ఒక్కడే కాపలా. జొన్నచేలో మంచె ఒక పక్కనే ఉంటే పందులు రెండో పక్క నుంచి దిగుతాయి కదా, అలాగ.

దీనికి విరుగుడు జి7 బంటును జి6కి జరపడం. అది చదివి సంబరపడి మళ్ళీ ఆడాను. ఈసారి అక్క రెండో ఎత్తుకే మంత్రిని తెచ్చింది. నేను వెంటనే జి6 వేశాను. ఇ5 బంటుకు కాపలా లేదని చూసుకోలేదు. మంత్రి దాన్ని కొట్టి రాజుకు చెక్ చెప్పింది, తర్వాత మూలనున్న ఏనుగును తినేసింది. మన బోర్డులో ఆ ఏనుగు పోయింది, కొబ్బరినూనె సీసా మూత పెడతాం. మూతైనా ఏనుగు ఏనుగే!

కాబట్టి ముందు సి6లో గుర్రం, అది ఇ5ను కాస్తుంది. ఆ తర్వాతే జి6. మంత్రి ఎఫ్3కి పోయి మళ్ళీ ఎఫ్7నే చూస్తుంది. అప్పుడు ఎఫ్6లో గుర్రం పెడితే దారి మూసుకుంటుంది. మొదటి ఆటలో నన్ను ముంచింది ఈ ఎత్తే, ఒక ఎత్తు ముందే వేశాను.

మూడో ఆట ఇలాగే ఆడాను. సి6 గుర్రాన్ని డి4కి దూకిస్తే అక్క మంత్రి తిరిగి ఇంటికే పోయింది. మూడుసార్లు కదిలినా దానికి ఏమీ దక్కలేదు. చివర్లో తొందరపడి నా మంత్రిని నేనే పోగొట్టుకుని ఓడాను. అయినా స్టడీ బెల్లు కొట్టేదాకా ఆడాను, ఎవరూ నవ్వలేదు.

నిన్న ఆ అక్కే బోర్డు పట్టుకుని మా రూముకి వచ్చింది. ఈసారి తెల్లవి నావి.

— 9వ తరగతి విద్యార్థిని