‘బో’ అనగా గోవు

ఐర్లండులో వీధుల పేరుపలకలపై ఆంగ్లంతోపాటు ఐరిష్ భాష కూడా కనబడుతుంది. వాటిలో తరచు ఎదురయ్యే మాట ‘బోహర్’. రహదారి అని అర్థం. అందులోని ‘బో’ అనగా ఆవు; పశువులు నడిచిన దారే కాలక్రమాన రహదారి అయినది. బాలుణ్ణి ‘బూఖిల్’ అంటారు. ఆ మాటకు తొలి అర్థం పసులకాపరి. ప్రాచీన ఐరిష్ వీరగాథలలో ప్రసిద్ధమైన ‘టాయిన్ బో కూల్యె’కు తెలుగులో పేరు పెట్టవలసివస్తే, తిక్కనగారి విరాటపర్వం నుండి ‘గోగ్రహణం’ అన్న మాటను అరువు తెచ్చుకుంటే చాలు.

ఈ ‘బో’, సంస్కృత ‘గో’ శబ్దం ఒకే మూలం నుండి వచ్చినవి. ఆ మూలభాషలో పెదవులను గుండ్రంగా చుట్టి పలికే గకారం ఒకటి ఉండేదని శాస్త్రజ్ఞుల నిర్ణయం. సంస్కృతం గకారాన్ని నిలుపుకొని పెదవుల పనిని విడిచింది. ఐరిష్ పెదవుల పనినే నిలుపుకొన్నది, కనుక బకారం మిగిలినది. ఆంగ్లంలో అదే ‘కౌ’. ఒక్క మాటతో సూత్రం రుజువు కాదు గదా! సంస్కృత ‘జీవ’ శబ్దానికి సాటి ఐరిష్ మాట ‘బ్యో’, సజీవమని అర్థం. ఇక్కడా ఆ బకారమే.

గ్రీకులో ఆవు ‘బూస్’. దానికి జున్ను అనే అర్థమిచ్చే ‘టూరోస్’ చేరి వెన్నకు పేరైనదని సామాన్యంగా చెప్పే వ్యుత్పత్తి. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రోల్ 19వ శతాబ్దారంభంలో వెన్న నుండి వేరుచేసిన ఆమ్లం బ్యుటిరిక్ ఆమ్లమైనది. అందులోవలెనే నాలుగు కర్బన పరమాణువులు ఉన్నందున వంటగ్యాసులోని ఒక వాయువు బ్యుటేన్ అయినది. పొయ్యి మీద మండేదీ ఒక విధంగా ఆవు పేరే!

డబ్లిన్‌కు ఉత్తరాన ప్రవహించే బాయిన్ నదిని 2వ శతాబ్దంలో టాలెమీ ‘బూవిందా’ అని పేర్కొన్నాడు. వినగానే తెలుగువారికి గోవిందనామం స్ఫురించక మానదు. తొందరపడరాదు. ముందుభాగం నిజంగా చుట్టమే. కాని కెల్టిక్ ‘వింద’ అనగా తెల్లనిది. నేటి ఐరిష్‌లో అది ‘ఫ్యున్’. నది పేరు ‘ధవళధేనువు’. గోవిందుడో, గోవులను పొందినవాడు. రెండు ‘వింద’లకూ ధాతువు ఒకటే కావచ్చునన్న ఊహ ఉన్నా, పేర్లు మాత్రం దేనికది వేరుగా ఏర్పడినవే.

మన ‘ఆవు’ ఈ వంశానిది కాదు. తమిళ ‘ఆ’ దానికి తోబుట్టువు. తెలుగు, తమిళ, కన్నడాలది సంస్కృతం నుండి వేరైన కుటుంబమని ఎల్లిస్ 1816లోనే చూపాడు. అయితే సంస్కృతం ద్వారా ‘గో’ కూడా మన ఇంట చేరినది. పశువులను కట్టే చోటు ‘గోష్ఠం’. ‘గోష్ఠి’ అందులోనుండి పుట్టినదే. సాహిత్యగోష్ఠులు జరిపేవారిలో ఎందరికి ఆ పశువుల కొట్టం గుర్తుకువస్తుందో!