మీకు తెలుసా? అరికాలి పులిపిరి పోయినట్టే పోయి మళ్లీ ఎందుకొస్తుందో!

• అరికాలిలో గట్టిగా తగిలేదల్లా ఆనెకాయ కాదు. పైనుంచి నొక్కినప్పుడు నొప్పి ఎక్కువైతే ఆనె కావచ్చు. రెండు వేళ్లతో పక్కల నుంచి పట్టి నొక్కినప్పుడు ప్రాణం పోయినంత పనైతే పులిపిరి అని అనుమానించాలి. ఇంకో గుర్తూ ఉంది: పాదం మీది సన్నగీతలు ఆనె మీదుగా సాగిపోతాయి, పులిపిరి దగ్గరికొచ్చేసరికి తెగిపోతాయి.

• పులిపిరిలో కనిపించే నల్లచుక్కలు వేర్లు కావు, సన్నటి రక్తనాళాల్లో గడ్డకట్టిన నెత్తురు. అసలు పులిపిరికి వేరంటూ లేదు. ఉన్నదంతా చర్మం పైపొరలోనే, ఒంటి బరువుకి లోపలికి అణిగి ఉంటుంది. లేని వేరు కోసం బ్లేడుతో తవ్వితే మిగిలేది పుండే.

• దీనికి కారణం వైరస్ అని 1907లో ఇటలీ వైద్యుడు జుసెప్పే చ్యూఫో తేల్చాడు. పులిపిరిని నూరి, బాక్టీరియా కూడా దూరలేని వడపోత గుండా తీసిన ద్రవాన్ని తన చేతికే ఎక్కించుకుని పులిపిర్లు తెప్పించుకున్నాడు! ఆ హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో ఇప్పటికి 200కు పైగా రకాలు తెలుసు. పాదాల మీదికొచ్చేవి ఎక్కువగా 1, 2, 4, 27, 57 రకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన 16, 18 రకాలు వేరు. కాబట్టి పేరు చూసి బెంబేలెత్తనక్కర్లేదు.

• మళ్లీ మళ్లీ రావడానికి కారణం ఈ వైరస్ గుట్టుగా బతకడమే. రక్తంలోకి దిగదు, కణాలను చంపదు, వాపు తెప్పించదు. అందుకే రోగనిరోధక వ్యవస్థకు చాలాకాలం కబురే అందదు. పైగా పులిపిరి చుట్టూ నున్నగా కనిపించే చర్మంలోనూ వైరస్ ఉండొచ్చు. కనిపించింది కాల్చేస్తాం, కనిపించనిది కొన్ని నెలలకు పైకి తేలుతుంది. మందు పనిచేయలేదని డాక్టరును తిట్టుకుంటాం.

• ఇంగ్లండ్ తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్‌కు చిన్నప్పటి నుంచి వేలి మీద ఒక పులిపిరి ఉండేది. పదహారేళ్లప్పుడు పారిస్‌లో ఉండగా రెండు చేతులకూ ఏకంగా వందకు తక్కువ కాకుండా లేచాయట. ఇంగ్లండ్ రాయబారి భార్య తోలుతో ఉన్న పంది కొవ్వు ముక్కతో వాటిని రుద్ది, ఆ ముక్కను తన గది కిటికీ కంబానికి ఎండ తగిలేలా మేకుతో కొట్టింది. ఐదు వారాల్లో అన్నీ పోయాయి, చిన్ననాటిదీ పోయింది. ఆయన మరణించాక 1627లో అచ్చయిన ‘సిల్వా సిల్వరమ్’లో ఈ ముచ్చట ఉంది. కొత్తగా వచ్చినవి పోవడం తనకు వింత కాలేదనీ, ఏళ్ల తరబడి ఉన్నది పోవడమే అంతుపట్టలేదనీ రాసుకున్నాడు. నిజానికి పిల్లల్లో పులిపిర్లు మందేమీ లేకుండానే ఏడాదిలో దాదాపు సగం, రెండేళ్లలో మూడింట రెండు వంతులు పోతాయి. పెద్దల్లో ఆలస్యం. పోయే ముందు ఏ వైద్యం చేశామో దానికే పేరొస్తుంది. మన ఊళ్లలో పులిపిరికి కట్టే గుర్రపు వెంట్రుకకు వచ్చిన పేరులోనూ కొంత ఇలాంటిదే అయ్యుండాలి. సున్నం-చాకలిసోడా, జీడిసొన మాత్రం వద్దు, చర్మాన్ని కాల్చేస్తాయి.

• మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ గొప్పదా, మందుల షాపులో దొరికే శాలిసిలిక్ ఆసిడ్ గొప్పదా? బ్రిటన్, ఐర్లండ్‌లలో అరికాలి పులిపిర్లున్న 240 మందితో చేసిన పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. 12 వారాలకు పూర్తిగా పోయినవాళ్లు రెండు వైపులా 14 శాతమే! రెండూ సమానమైనప్పుడు, నొప్పి తక్కువున్న ఆసిడ్‌తో మొదలుపెట్టడం మేలని నా లెక్క. గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు పాదం నానబెట్టి, పైన మెత్తబడిన చర్మాన్ని రాయితో రుద్ది, పులిపిరి మీద మాత్రమే పూయాలి. రోజూ, వారాల తరబడి. ఆ రాయి ఇంకెవరూ వాడకూడదు, మీరు కూడా మడమలకు వాడకూడదు.

• డక్ట్ టేపు అంటిస్తే పోతాయని 2002లో ఒక అధ్యయనం ఊరించింది. తర్వాతి పరీక్షల్లో అది నిలబడలేదు.

• మధుమేహం ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు సొంతంగా ఆసిడ్ పూయకూడదు. అరికాలిలో నల్లమచ్చ పెరుగుతున్నా, పుండు మానకపోయినా పులిపిరేలే అని ఊరుకోవద్దు. మనలాంటి ముదురు చర్మం వాళ్లకు మెలనోమా క్యాన్సర్ ఎక్కువగా పాదాల మీదే వస్తుంది.

• మొండి పులిపిర్లకు డాక్టర్లు ఇప్పుడు రోగనిరోధక శక్తినే తట్టిలేపుతున్నారు. తట్టు, గవదబిళ్లలకు వేసే ఎంఎంఆర్ టీకా మందును పులిపిరిలోకే ఎక్కిస్తారు. లేదా మత్తిచ్చి సూదితో పదేపదే పొడుస్తారు. మన దేశంలో కొందరు చర్మవైద్యులు పులిపిరి నుంచి చిన్న ముక్క తీసి, రోగి ముంజేతి చర్మం కిందే నాటుతారు. అలా వైరస్ గుట్టు బయటపడితే ఒంటికి దాని ఆనవాలు చిక్కుతుంది. అప్పుడు ముట్టుకోని పులిపిర్లు కూడా రాలిపోవచ్చు.