నీటికో పురుగు, పురుగుకో విరుగుడు
ఉప్పు శాతం తెలియకుండా మందు కొడితే నష్టమే

పామర్రు నుంచి ఏ రోడ్డు పట్టినా గంటన్నర లోపే నీళ్ళ రుచి మారిపోతుంది. గుడివాడ వైపు వెళితే కాలవ నీటి చెరువులు, వాటిలో శీలావతి, బొచ్చె. మచిలీపట్నం వైపు వెళితే రొయ్యల చెరువులు. చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరితే ఏటి పోటు, మడ అడవి, మండపీత, పండుగప్ప. నీటితోపాటు జీవాలు మారినట్టే, వాటిని పట్టి పీడించే పరాన్నజీవులూ మారతాయి. ఈ సంగతి పట్టించుకోక ఒక చోట పనిచేసిన మందును ఇంకో చోట వాడి చాలామంది దెబ్బ తింటున్నారు.

ఎందుకు మారతాయి?

పరాన్నజీవి బతకాలంటే తనకు సరిపడే ఉప్పు శాతం ఉండాలి, ఆశ్రయమిచ్చే జీవి ఉండాలి. కొన్నిటికి ఒక జీవి చాలదు. కొన్ని పొట్టపురుగులు నత్తలో పెరిగి, చేపలోకి చేరి, ఆ చేపను తిన్న కొంగ కడుపులో గుడ్లు పెడతాయి. నత్త, చేప, కొంగ మూడూ ఉన్నచోటే వాటి సంసారం సాగుతుంది. పైగా మన తీరంలో ఒకే ఏటి నీరు ఏప్రిల్, మే నెలల్లో ఉప్పుగా ఉంటుంది, కృష్ణకు వరద రాగానే చప్పబడుతుంది. కాబట్టి చోటుతోపాటు కాలాన్నీ చూడాలి.

రెండు పేలు, రెండు విరుగుళ్ళు

మంచినీటి చెరువుల్లో శీలావతిని ఎక్కువగా పీడించేది చేపపేను (ఆర్గులస్). పొలుసుల సందున ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. చేప గట్టుకు, కర్రలకు ఒళ్ళు రాసుకుంటుందంటే అనుమానించాల్సిందే. పిల్లను వదిలే ముందు 100 లీటర్ల నీటికి 3 కిలోల ఉప్పు కలిపి, ఒకటి రెండు నిమిషాలు ముంచి తీస్తే పేలు చాలావరకు ఊడిపోతాయి. చేప తూలిపోతుంటే వెంటనే తీసేయండి. ఈ పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. చెరువులో వెదురు తడకలు పాతి, వారం పది రోజులకోసారి బయటికి తీసి ఎండలో ఆరబెడితే గుడ్లు చస్తాయి.

ఉప్పునీటి పండుగప్పకు పట్టే పేను వేరు. దాని పేరు కాలిగస్. దీనికి ఉప్పు వైద్యం పనికిరాదు. పండుగప్ప ఉప్పునీటికీ, మంచినీటికీ తట్టుకుంటుంది. దాని పేను మంచినీటికి తట్టుకోలేదు. అందుకని చేపను కొద్దిసేపు మంచినీళ్ళలో ఉంచడమే దీనికి విరుగుడు.

మండపీత మొప్పలు విప్పి చూస్తే కాడలున్న చిన్న గుల్లలు కనిపిస్తాయి. ఇవి రక్తం పీల్చవు, మొప్పను ఇల్లు చేసుకుంటాయంతే. గుంపుగా చేరితే మాత్రం పీతకు ఊపిరాడదు. పీత పెంకు విడిచినప్పుడు ఇవీ దాంతోపాటు పోతాయి. పెద్ద పీతలు అరుదుగా పెంకు విడుస్తాయి గనుక వాటిలో ఎక్కువ.

ఏ నీటినైనా వదలనిది

వనామీకి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఉప్పు బోర్ల ఆధారంగా లోపలి మండలాల్లోనూ వేస్తున్నారు. ‘ఉప్పు తక్కువగా ఉంది, మనకు ఇ.హెచ్.పి. రాదు’ అనుకోవద్దు. రొయ్య కాలేయంలో చేరే ఈ సూక్ష్మజీవిని థాయిలాండ్ శాస్త్రవేత్తలు 2009లో పేరుపెట్టి వర్ణించారు. ఉప్పు ఎక్కువైతే దీని తీవ్రత పెరుగుతుంది. అయితే లీటరుకు 2 గ్రాముల ఉప్పున్న నీటిలోనూ ఒక రొయ్య నుంచి ఇంకో రొయ్యకు పాకుతుందని పరీక్షల్లో తేలింది. దీనికి మధ్యలో నత్తా అక్కర్లేదు, కొంగా అక్కర్లేదు. రొయ్య రెట్ట చాలు. రొయ్య చావదు, ఎదగదు. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, కౌంటు మాత్రం రాదు.

దీనికి నమ్మదగ్గ మందు లేదు. నివారణే దారి.

* పి.సి.ఆర్. పరీక్ష చేయించిన సీడే కొనండి.
* పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, ఎకరాకు దాదాపు 2.4 టన్నుల కాల్చిన సున్నం (హెక్టారుకు 6 టన్నులు) చల్లండి. నాలుగైదు అంగుళాల లోతుకు దున్ని, తడిపి, వారం వదిలేయండి. మట్టి పి.హెచ్. 12కు చేరాలి. వ్యవసాయ సున్నంతో ఈ పని జరగదు. చల్లేవాళ్ళు కళ్ళకు, చేతులకు రక్షణ పెట్టుకోవాలి.
* ఒక చెరువు వలలు, పైపులు ఇంకో చెరువులో వాడేముందు కడిగి ఆరబెట్టండి.

కింది చెరువు ఎవరిది?

చేపపేను కూడా రొయ్య, పీతల కులమే. అందువల్ల పేనును చంపే పురుగుమందు రొయ్యనూ చంపుతుంది. ఎగువన చేపల చెరువులో మందు కొట్టి ఆ నీరు డ్రెయిన్లోకి వదిలితే, దిగువన ఆ నీటినే తోడుకునే రొయ్యల రైతు పంట పోతుంది. మందు కొట్టిన నీటిని వెంటనే వదలకండి. వదిలే ముందు దిగువ రైతులకు కబురు చేయండి.

మందు సీసా మూత తీసే ముందు మూడు సంగతులు చూసుకోండి: నీటిలో ఉప్పు ఎంత, పట్టింది ఏ పురుగు, ఆ నీరు పోయేది ఎక్కడికి. పురుగేదో తేలకపోతే, జబ్బుపడ్డ నాలుగు చేపల్నో రొయ్యల్నో బతికుండగానే అదే చెరువు నీటితో మత్స్యశాఖ అధికారి దగ్గరకు పట్టుకెళ్ళండి. చచ్చి కుళ్ళినవి తీసుకెళితే ఏ పరీక్షా తేలదు.